ఆదివారం ఆరున్నరకు ఆట ఉంది



మార్చి సగానికి వచ్చేసరికి ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఏప్రిల్ నాలుగో వారానికి బడులు మూసేస్తారు. మళ్లీ తెరిచేది జూన్ 12 ప్రాంతంలో. ఈ ఏడు వారాల్లోనే చుట్టాలు మన ఇంటికి రావాలి, మనం చుట్టాల ఇళ్లకు వెళ్లాలి, పెళ్లిళ్లు జరగాలి, ఆవకాయ పెట్టాలి, సంఘంలో విబిఎస్ నడవాలి, ఏడాదంతా పుస్తకాల ముందు కూర్చున్న పిల్లలు నాలుగు రోజులు ఆడుకోవాలి. మిగతా రోజులు ఎలాగో సర్దుకుంటాయి. అన్నీ వచ్చి ఒకదాని మీద ఒకటి పడేది ఆదివారం ఉదయమే.

ఈ ఏప్రిల్‌లో మా అమ్మను తీసుకుని తెనాలి నుంచి సికింద్రాబాదులోని మా అక్క ఇంటికి వెళ్లాం. వాళ్లది అల్వాల్ వైపు. అక్క కొడుకు పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు. శనివారం రాత్రి అందరం అన్నాలకు కూర్చున్నాం. వాడు కంచంలోంచి తలెత్తకుండా, “రేపు ఆరున్నరకు సెమీస్ ఉంది” అన్నాడు.

బావగారు సంఘంలో పెద్ద. నెమ్మదైన మనిషి. “రేపు ఆదివారం. పైగా అమ్మమ్మ వాళ్లు వచ్చారు” అన్నారు. గొంతు కూడా పెంచలేదు. ఇంకో ముద్ద కలుపుకుని, “బూట్లు అటక మీద పెట్టాను, వెతక్కు” అన్నారు. వాడు చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అక్క పప్పు గిన్నె మీద మూత పెడుతూ నా వంక చూసింది.

వేసవి కదా, డాబా మీద పక్కలు వేసుకున్నాం. చాలాసేపటికి వాడు అటు తిరిగి పడుకునే అన్నాడు: “మావయ్యా, నేను చర్చికి రానని ఎప్పుడైనా అన్నానా? ఆరాధన తొమ్మిదికి. మ్యాచ్ ఏడున్నరకల్లా అయిపోతుంది.” కాసేపాగి ఇంకో మాట అన్నాడు. “జనవరి, ఫిబ్రవరిల్లో ప్రతి ఆదివారం స్కూల్లో స్పెషల్ టెస్టులు పెట్టారు. ఎనిమిది నుంచి పదకొండు. అప్పుడు నాన్నే బండి మీద దింపాడు.”

నా దగ్గర జవాబు లేదు. ఈ వారం ఆ జవాబు కోసమే నాలుగు మాటలు రాస్తున్నాను. ఇలాంటి ఇల్లు మా అక్కది ఒక్కటే కాదని నాకు తెలుసు.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. పిల్లల మ్యాచ్‌లు ఆదివారం తెల్లవారుజామునే ఎందుకు పెడతారు? దేవుని దినాన్ని లెక్కచేయక కాదు. వారంలో మనకు ఖాళీ ఉన్నది ఆ ఒక్క రోజే కాబట్టి. ఆ రోజులో కూడా ఏప్రిల్ ఎండకు మైదానంలో నిలవగలిగేది ఎనిమిది, ఎనిమిదిన్నర దాకానే కాబట్టి. సాయంత్రం దీపాల వెలుగులో ఆడుకునే టర్ఫులు ఇప్పుడు నగరంలో సందుకొకటి వెలిశాయి. గంటకింత అని కట్టాలి. వీధి పిల్లలు చందాలు వేసుకుని ఆడే జట్టుకు అది ఎక్కడ కుదురుతుంది?

ఫుట్‌బాల్ పెరిగిన ఇంగ్లండులో ఈ ఇబ్బంది వేరుగా తీరింది. 1850లో వచ్చిన ఫ్యాక్టరీ చట్టం నూలు మిల్లులను శనివారం మధ్యాహ్నం 2 గంటలకు ఆపేయమంది. ఆ తర్వాత దశాబ్దాల్లో ఆ అరపూట సెలవు మిగతా పనివాళ్లకూ పాకింది. శనివారం సాయంత్రం ఆట, ఆదివారం ఆరాధన అని వారం దానంతటదే పంచుకుంది. అందుకే అక్కడ సంఘాలే జట్లు కట్టాయి. ఈనాడు మన పిల్లలు చొక్కాల మీద పేర్లు వేసుకు తిరిగే క్లబ్బుల్లో కొన్ని అలా పుట్టినవే. ఆస్టన్ విల్లా 1874లో ఒక వెస్లియన్ చాపెల్ యువకులు మొదలుపెట్టింది. ఎవర్టన్ 1878లో సెయింట్ డొమింగో మెథడిస్టు సంఘం జట్టు. మాంచెస్టర్ సిటీ వేళ్లు 1880లో వెస్ట్ గోర్టన్‌లోని సెయింట్ మార్క్స్ చర్చిలో ఉన్నాయి. గ్లాస్గోలో 1887లో సెల్టిక్ క్లబ్బును బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అనే కాథలిక్ సహోదరుడు మొదలుపెట్టింది పేద పిల్లలకు అన్నం పెట్టడానికి డబ్బు పోగుచేయాలని. అలా అని సంఘం జట్టు కడితే పిల్లలు సంఘంలో ఉండిపోతారని అనుకోనక్కర లేదు. సెయింట్ డొమింగో జట్టులో బయటివాళ్లు చేరాలనుకున్నారు. మరుసటి ఏడే చర్చి పేరు పోయి ఊరి పేరు వచ్చింది. బంతిని ఎరగా వాడదామనుకునే యూత్ లీడర్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అంతకు ముందు అక్కడా పెద్ద పేచీయే జరిగింది. బైబిలు ఆంగ్ల అనువాదానికి ఎవరి పేరు నిలిచిపోయిందో ఆ జేమ్స్ రాజే 1618లో ఒక ప్రకటన చేశాడు. ఆదివారం ఆరాధన ముగిశాక ప్రజలు నాట్యం, విలువిద్య వంటి వినోదాలు చేసుకోవచ్చన్నాడు. ఆరాధనకు రానివాళ్లకు మాత్రం ఆ వీలు లేదన్నాడు. ప్యూరిటన్లు మండిపడ్డారు. 1643లో పార్లమెంటు ఆ ప్రకటన ప్రతులను నలుగురి ఎదుట తగలబెట్టించింది. ఆదివారం జట్లను ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం గుర్తించింది మరీ ఈ మధ్య, 1960లో.

మన దేశంలో ఆదివారం సెలవు మిల్లు కార్మికులకు 1890లో దక్కింది. బొంబాయి మిల్లు కార్మికుల నాయకుడు, జోతిరావు ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడి సాధించాడు. అరపూట శనివారం మాత్రం మనకు పాకలేదు. బడులకు శనివారం పనిదినమే, చాలా కొలువులకూ అంతే. కాబట్టి ఆటా ఆరాధనా చుట్టాలూ ఒకే రోజు కోసం పోటీపడతాయి. ఇది పిల్లవాడి భక్తిలో లోపం కాదు. మన వారం అలా కుట్టి ఉంది.

కొందరు మిజోరం సంగతి ఎత్తుతారు. ఎత్తవలసిందే. క్రైస్తవులు ఎక్కువగా ఉన్న ఆ రాష్ట్రంలో ఫుట్‌బాల్ అంటే ప్రాణం. అయినా అక్కడి లీగ్‌లో ఆదివారం మ్యాచ్ పెట్టరు. అలాంటి చోటి నుంచి వచ్చిన ఐజ్వాల్ జట్టు 2017లో ఐ లీగ్ విజేత అయింది. ఆదివారం ఆడకపోతే ఆట రాదనే వాదన అక్కడితో సరి. కానీ అక్కడ ఆదివారం ఊరంతా ఆగుతుంది, పిల్లవాడితో పాటు అవతలి జట్టూ రిఫరీ కూడా ఆగుతారు. అల్వాల్‌లో ఆగేది మా మేనల్లుడు ఒక్కడే. వాడు రాకపోతే మిగతా ఆరుగురూ ఒకడు తక్కువగా ఆడాలి.

ఇక లేఖనం ఏమంటుంది? నిర్గమకాండం 20లోని నాలుగో ఆజ్ఞను మనం పిల్లల ఆటల మీదికి తెచ్చినంత సులువుగా మన వంటింటి మీదికి తీసుకురాం. ఆ ఆజ్ఞలో కొడుకూ కూతురూ పనివారూ పశువులూ, గుమ్మాలలో ఉన్న పరదేశి, అందరూ ఉన్నారు. ద్వితీయోపదేశకాండం 5లో కారణం కూడా చెప్పాడు. నీలాగే నీ దాసుడూ నీ దాసీ విశ్రమించాలి. చుట్టాలొచ్చిన ఆదివారం మన ఇళ్లలో ఆడవాళ్లు ఎన్నింటికి లేస్తారు? మా అక్క అంతకు ముందు ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి లేచి పన్నెండు మందికి బిర్యానీకి మసాలా నూరింది. ఆరాధనలో కూర్చుని కూడా పొయ్యి మీద ఏం మరిచానా అని ఆలోచించి ఉంటుంది. దాన్ని ఎవరమూ విశ్రాంతి దినాన్ని మీరడం అనలేదు. అతిథి మర్యాద అన్నాం. లూకా 10లో మార్త ఇంటికి వచ్చిన అతిథి మరోలా అన్నాడు.

విశ్రాంతి దినం మనుష్యుల కోసమేనని ప్రభువు మార్కు 2లో చెప్పాడు. దినాల విషయంలో ఒకరికొకరు తీర్పు తీర్చుకోవద్దని రోమా 14లోనూ కొలొస్సయి 2లోనూ పౌలు రాశాడు. అలాగని హెబ్రీ 10 మన బైబిళ్లలోంచి చిరిగిపోలేదు. సమాజంగా కూడుకోవడం మానవద్దని అక్కడ స్పష్టంగా ఉంది. ఇవన్నీ కలిపి చదివితే నాకు తోచేది ఇది: కూడుకోవడం విషయంలో బేరం లేదు. కూడుకునే ముందు రెండు గంటలు పిల్లవాడు ఏం చేశాడన్నది బేరమాడవలసిన విషయమే. దానికి ఆజ్ఞ పేరు పెట్టి నోరు మూయించకూడదు.

ఆటను గురించి పరిశుద్ధ గ్రంథంలో ఏమీ లేదనుకునే వారికి జెకర్యా 8 చూపిస్తాను. చెరనుంచి తిరిగి వచ్చి, కూలిన గోడల మధ్య బతుకుతున్న జనానికి దేవుడు యెరూషలేము మళ్లీ ఎలా ఉంటుందో చెబుతున్నాడు. నాలుగో వచనంలో ముసలివాళ్లూ ముసలమ్మలూ చేతికర్రలు పట్టుకుని వీధుల్లో కూర్చుని ఉంటారు. ఐదో వచనంలో అవే వీధుల నిండా మగపిల్లలూ ఆడపిల్లలూ ఆడుకుంటూ ఉంటారు. రెండు వచనాలూ పక్కపక్కన ఉన్నాయి.

ఆదివారం ఆటల మాట వస్తే మన ప్రసంగాల్లో తప్పక వచ్చే పేరు ఎరిక్ లిడెల్. చైనాలో మిషనరీల ఇంట పుట్టిన స్కాట్లండు పరుగువీరుడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల తొలి పరుగు ఆదివారం పడింది. పరుగెత్తనన్నాడు. సినిమాలో చూపినట్టు ఓడ ఎక్కేటప్పుడు తెలిసి కాదు, నెలల ముందే తెలిసి నిర్ణయించుకున్నాడు. 100 మీటర్లు వదిలి 400 మీటర్లకు తయారై, ఆ పోటీని 47.6 సెకన్లలో గెలిచాడు. బావగారు కూడా ఆ రాత్రి ఈ కథే ఎత్తారు. మనం ఎప్పుడూ ఇక్కడితో ఆపేస్తాం.

తర్వాతి సగం ఇది. లిడెల్ మిషనరీగా చైనాకు తిరిగి వెళ్లాడు. యుద్ధం ముంచుకొస్తుండగా 1941లో భార్యాబిడ్డల్ని కెనడాకు పంపేశాడు. మూడో కూతురు అక్కడికి వెళ్లాక పుట్టింది, ఆ బిడ్డను ఆయన ఎన్నడూ చూడలేదు. 1943లో జపాను సైన్యం ఆయన్ని వెయ్‌షియెన్ నిర్బంధ శిబిరంలో పెట్టింది. అక్కడ మిషనరీల బడి నుంచి తెచ్చిన పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ల తలిదండ్రులు ఎక్కడో దూరాన ఉన్నారు. ఆయన పాఠాలు చెప్పాడు, ఆటలు ఆడించాడు. ఆదివారం మాత్రం ఆటలు లేవన్నాడు. కొందరు కుర్రాళ్లు వినకుండా తామే హాకీ ఆడారు. రిఫరీ లేక అది కొట్లాటలో ముగిసింది. మరుసటి ఆదివారం లిడెల్ తానే మైదానానికి వెళ్లి రిఫరీగా నిలబడ్డాడు. ఒలింపిక్ పతకం కోసం ఆదివారాన్ని ఇవ్వని మనిషి, అమ్మానాన్నలు దగ్గర లేని పిల్లలు కొట్టుకోకుండా ఉండడం కోసం ఇచ్చాడు. 1945 ఫిబ్రవరి 21న మెదడులో కణితితో ఆ శిబిరంలోనే కన్నుమూశాడు.

ఈ రెండో సగం మొదటి సగాన్ని కొట్టేస్తుందని నేననను. తన కోసం ఒక నియమం పెట్టుకోవడం వేరు, పిల్లల మీద దాన్ని మోపి తాను గదిలో కూర్చోవడం వేరు. మొదటిది ఆయన చివరిదాకా చేశాడు. రెండోది చేయలేకపోయాడు.

డాబా మీద ఆ రాత్రి నాకు మా అన్నయ్య గుర్తొచ్చాడు. తెనాలిలో మా నాన్నగారు ఆదివారం వాలీబాల్ ఆడాడని అన్నయ్య చొక్కా పొయ్యిలో పెట్టారు. అప్పుడు వాడికి పదహారేళ్లు. ఇప్పుడు పూణెలో ఉంటాడు. మంచివాడు, అమ్మకు నెలనెలా డబ్బు పంపుతాడు, క్రిస్మస్‌కు వస్తాడు. ఆదివారం మాత్రం పేపరు కొనుక్కొస్తానని బయటికి వెళ్లి, మేం ఆరాధన నుంచి వచ్చాక వస్తాడు. ఒక్క చొక్కా వల్లే అలా అయ్యాడని చెప్పడం అన్యాయం. మనుషులు అంత తేలికగా విరగరు. కానీ ఆ చొక్కా కాలిన వాసన మా అమ్మ మరిచిపోలేదని మర్నాడు ఉదయం తెలిసింది.

ఐదున్నరకు నేను కిందికి దిగేసరికి అమ్మ తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచి భుజాన వేసుకుని, చేతికర్రతో హాల్లో కూర్చుని ఉంది. బావగారు టీ తాగుతున్నారు. “అల్లుడుగారూ, నేను అంత దూరం నడవలేను. ఆటో పిలిపించండి. వాడి ఆట చూసి, అటునుంచి అటే మందిరానికి వస్తాను” అంది. ఆయన ఏదో అనబోయారు. అత్తగారికి ఎదురు చెప్పడం వాళ్ల ఇంట అలవాటు లేదు. గ్లాసు కింద పెట్టి, స్టూలు వేసుకుని అటక మీంచి బూట్లు దించారు. ఆటో ఎందుకని కారు తీశారు. అక్క కూడా వంటింటి దీపం ఆర్పేసి వచ్చి ఎక్కింది. కొడుకు ఆడగా తను చూడడం అదే మొదటిసారట.

మైదానం అంటే గడ్డి లేని మట్టినేల. సున్నంతో గీసిన గీతలు సగం చెరిగిపోయాయి. గోల్‌పోస్టులకు వలలు లేవు. అమ్మను తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలో గీత పక్కన కూర్చోబెట్టాం. ఆ చుట్టుపక్కల నేలకు ఒక చరిత్ర ఉంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. ఆ జట్టులోని తులసీదాస్ బలరాం మా అక్కవాళ్ల ఇంటికి దగ్గరలోని అమ్ముగూడ కుర్రవాడు. 1962లో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచిన జట్టులో కూడా ఆయన ఉన్నాడు. ఈ పేర్లు మా మేనల్లుడికి తెలియవు. వాడికి మెస్సీ తెలుసు. తప్పు వాడిది కాదు, చెప్పినవాళ్లం ఎవరం?

చుట్టాలుగా మనం పిల్లల్ని అడిగే ప్రశ్నలు ఒకసారి తలచుకోండి. ఎన్ని మార్కులొస్తాయి, ఏ గ్రూపు తీసుకుంటావు, ఒక కీర్తన అప్పజెప్పు. వచ్చి మూడు రోజులైనా వాడు ఏ ఆట ఆడతాడో, ఎక్కడ ఆడతాడో నేను అడగలేదు. ఆ ఉదయం అమ్మ అడిగింది. “ఒరేయ్, నువ్వు ఏ పక్క నిలబడతావు?” వాడు సిగ్గుపడుతూ, “ఎడమ పక్క వెనక, అమ్మమ్మా. లెఫ్ట్ బ్యాక్” అన్నాడు. ఆట మొదలయ్యాక ఆమెకు అనుమానం వచ్చింది. “వాడు బంతి వెంట పోడేంట్రా?” కాపలా కాసేవాడు అమ్మా అని చెప్పాను. “సరే, ఒకడు ఉండాలిగా” అంది.

3-1 తేడాతో ఓడిపోయారు. మూడో గోలు వాడి పక్కనుంచే వచ్చింది. ఆట అయిపోయాక వాడు లేవకుండా మట్టిలోనే కూర్చున్నాడు. బావగారు నీళ్ల సీసా తీసుకుని వెళ్లారు. ఓదారుస్తారో, చూశావా అంటారో నాకు అర్థం కాలేదు. “నీ తప్పు కాదు. మధ్యలో వాడు నీకు సాయం రావాలి, రాలేదు” అన్నారు. అంటే ఆ యాభై నిమిషాలూ ఆయన మా అందరికన్నా శ్రద్ధగా చూశారన్నమాట. వాడు తలెత్తి నాన్న మొహం చూశాడు.

ఇంటికి వచ్చి స్నానాలు చేసి తొమ్మిదీ పదికి మందిరంలో ఉన్నాం. మొదటి పాట అయిపోయింది. ప్రసంగం సగంలో వాడు కునుకు తీశాడు, బావగారు మోచేత్తో పొడిచారు. మధ్యాహ్నం బిర్యానీ లేదు. పప్పుచారు, వడియాలు, కోడిగుడ్ల వేపుడు. తొందరగా అయింది. అక్క మాతోపాటే కూర్చుని తింది. ఈ మాట రాయడం ఎందుకంటే, వెళ్లిన మూడు రోజుల్లో ఆమె మాతో కలిసి కూర్చున్న మొదటి భోజనం అదే.

అంతా బాగైపోయిందని చెప్పడం లేదు. తర్వాతి ఆదివారం మూడో స్థానం కోసం మ్యాచ్ పెట్టారు, ఎనిమిదిన్నరకు. అది సరిగ్గా ఆరాధన వేళ. బావగారు వద్దన్నారు. ఈసారి నేను ఆయన పక్షమే. వాడు మొహం ముడుచుకుని వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. నిర్వాహకులకు రెండు రోజుల ముందు ఫోన్ చేసి వేళ మార్చమని అడిగితే మారేదేమో. ఎవరం అడగలేదు. ఆ టోర్నమెంటు నడిపేది మన పక్క వీధి కుర్రాళ్లే, వాళ్లతో పెద్దలు ఒకసారి మాట్లాడితే చాలా సార్లు పని జరుగుతుంది. నగరంలో రెండు మూడు ఆరాధనలు జరిగే సంఘాలు ఉన్నాయి. సాయంత్రపు ఆరాధనకు కుటుంబమంతా కలిసి వెళ్లడం తక్కువ భక్తి కాదు. పిల్లవాడిని ఒక్కడినే సాయంత్రానికి తోసేస్తే మాత్రం అది శిక్ష అవుతుంది. విబిఎస్ నడిపే సంఘాలు శనివారం సాయంత్రం ఆవరణలో ఒక బంతి పడేస్తే పెద్ద ఖర్చేమీ కాదు. ఆడినవాళ్ల పేర్లు రాసుకుని మర్నాడు ఆరాధనలో లెక్కపెట్టకుండా ఉండగలిగితేనే ఆ పని చేయండి.

చుట్టాలకు కూడా ఒక మాట. సామెతలు 25లో పొరుగువాడి ఇంటికి మాటిమాటికి వెళ్లొద్దని, అతను విసుగుపడతాడని ఉంది. మరియ ఎలీసబెతు ఇంట మూడు నెలలు ఉందని లూకా 1లో ఉంది. రెండూ దేవుని వాక్యమే. మేం తొమ్మిది రోజులు ఉన్నాం. ఎక్కువో తక్కువో అక్కే చెప్పాలి. ఎన్నాళ్లున్నామన్నది కాక, మేం ఉన్నామని ఆ ఇంట్లో ఎవరేం వదులుకున్నారన్నది చూడాలి. మమ్మల్ని చూపించే ఆ మొదటి రాత్రి పిల్లవాడి ఆట ఆపేశారు. “మా కోసం ఆపొద్దు బావగారూ” అని నేను అనవలసింది. మర్యాద కాదని ఊరుకున్నాను.

ఇక వాడు డాబా మీద అడిగిన ప్రశ్న, పరీక్షల సంగతి. దీని మీద మన సంఘాల్లో నిజాయితీగా మాట్లాడుకోవడం లేదు. ఆదివారం ఉదయం టెస్టు పెట్టే కాలేజీకి మనమే ఫీజు కడతాం, మనమే దింపుతాం, పాస్టరు గారితో పిల్లల కోసం ప్రార్థన చేయిస్తాం. ఆటను మాత్రం లోకసంబంధం అంటాం. పదిహేనేళ్ల పిల్లవాడికి ఈ తేడా కనబడదని అనుకోవడం మన అమాయకత్వం. నాన్నకు అడ్డొచ్చేది దేవుని దినం కాదు, పనికిరాని పని అని వాడికి అర్థమవుతుంది. ఒకసారి అలా అర్థమయ్యాక, రేపు వాడికి పనికిరాదనిపించినదాన్ని వాడూ మానేస్తాడు. అది ఆరాధన కూడా కావచ్చు. అన్నయ్య విషయంలో నేను చొక్కాను గురించి ఎంత ఆలోచించినా, అదే ఏడాది ఆదివారం ట్యూషన్‌కు వాడిని నాన్నగారు పంపిన సంగతి ఈ వ్యాసం రాస్తుంటేనే గుర్తొచ్చింది.

మే నెలాఖరున బావగారు ఫోన్ చేశారు. ఇంటర్‌కు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో సీటు మాట్లాడి, దరఖాస్తు ఇంటికి తెచ్చారట. టైమ్‌టేబుల్ కాగితం ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. ఆదివారం ఉదయం ఆరు నుంచి స్టడీ అవర్స్, తర్వాత వారపు పరీక్ష. కాలేజీకి ఫోన్ చేసి, అబ్బాయిని ఆదివారం ఆరాధనకు పంపుతారా అని అడిగారు. నెలకొకసారి, తండ్రి వచ్చి సంతకం పెడితే పంపుతామన్నారు. ఆటస్థలం ఉందా అని కూడా అడిగారట. అవతల మనిషి ప్రశ్న అర్థం కానట్టు, “ఏ స్థలం అండీ?” అన్నాడట.

“ఏం చేద్దామంటావు?” అని బావగారు నన్నడిగారు. వాణ్ణి అడిగారా అన్నాను. లేదన్నారు. ఫోన్ పెట్టేయకుండానే వాడిని పిలవడం వినబడింది. ఇది రాసేనాటికి వాళ్లింకా ఫీజు కట్టలేదు.